థర్మోస్టాట్‌లో ఫ్యాన్ ఆటోలో ఉండాలా, ఆన్‌లో ఉండాలా: మీ ఇంటికి సరిపోయేది ఎంచుకోవడం ఎలా

సెంట్రల్ ఏసీ, హీటింగ్ ఉన్న ఇంట్లో థర్మోస్టాట్ మీద రెండు మీటలు ఉంటాయి. ఒకటి సిస్టమ్ మీట: హీట్, కూల్, ఆఫ్. రెండోది ఫ్యాన్ మీట: ఆటో, ఆన్, కొత్త మోడళ్ళలో అయితే సర్క్ (సర్క్యులేట్) కూడా. మొదటిదాన్ని ఇంటిల్లిపాదీ ముట్టుకుంటారు. రెండోది మాత్రం బిగించినవాళ్ళు ఎలా వదిలి వెళ్ళారో అలాగే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఎండాకాలం ఏసీ నడుస్తున్నా వదలని జిగట, చలికాలం మంచం మీదికి వచ్చే చల్లగాలి, ఎందుకు పెరిగిందో అంతుబట్టని కరెంటు బిల్లు... చాలా ఇళ్ళలో వీటి వెనక ఉన్నది ఆ రెండో మీటే.

ఇక్కడ ఫ్యాన్ అంటే డక్టుల్లోకి, అంటే గదులకు గాలి చేర్చే గొట్టాల్లోకి, గాలి తోసే బ్లోయర్. దానంతటది గాలిని చల్లబరచదు, వెచ్చబరచదు, అటూ ఇటూ కదుపుతుందంతే. ఏసీ గానీ హీటర్ గానీ నడుస్తున్నంతసేపు మీరు ఏ సెట్టింగులో పెట్టినా బ్లోయర్ తిరిగి తీరాల్సిందే. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మెషిన్ పని ఆపి ఊరుకున్న నిమిషాల్లో ఫ్యాన్ తిరగాలా, వద్దా?

మూడు సెట్టింగుల్లో ఏం జరుగుతుంది

ఆటోలో ఏసీ కంప్రెసర్ లేదా ఫర్నేస్‌తో (ఇంటిని వెచ్చబరిచే హీటర్) పాటే బ్లోయర్ మొదలై, దాదాపు వాటితోనే ఆగుతుంది. ఆన్‌లో 24 గంటలూ తిరుగుతుంది. సిస్టమ్ మీట ఆఫ్‌లో ఉన్నా సరే, ఫ్యాన్ ఆన్‌లో ఉంటే తిరుగుతూనే ఉంటుంది. ఊరెళ్ళేటప్పుడు కూల్‌ని ఆఫ్ చేసి, ఫ్యాన్ సంగతి మరిచిపోయేవాళ్ళు తక్కువేం కాదు.

సర్క్ అనేది మధ్యేమార్గం. మెషిన్‌కి పని లేకపోయినా గంటలో కొంతసేపు బ్లోయర్‌ని తిప్పుతుంది. హనీవెల్ థర్మోస్టాట్లలో ఇది మొత్తం సమయంలో సుమారు 35 శాతం. ఎకోబీ లాంటి వాటిలో గంటకు ఎన్ని నిమిషాలో మీరే పెట్టుకోవచ్చు. వాటిలో ఏసీ నడిచిన సమయం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. గంటకు 15 నిమిషాలని పెట్టారనుకోండి, ఆ గంటలో ఏసీయే 20 నిమిషాలు నడిస్తే ఫ్యాన్‌ని విడిగా తిప్పదు.

మొదటి అడుగు: మీ బ్లోయర్ మోటారు ఏ రకమో తెలుసుకోండి

ఆన్‌లో పెట్టడం చవకో, ఖరీదో ఈ ఒక్క విషయం మీద ఆధారపడుతుంది. కెపాసిటర్‌తో నడిచే పాత రకం పీఎస్‌సీ మోటార్లు సాధారణంగా 400 నుంచి 600 వాట్లు తింటాయి. ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో నడిచే ఈసీఎం మోటార్లు, గాలి తిప్పడానికి మాత్రమే తక్కువ వేగంలో నడిచినప్పుడు, 100 వాట్లకు అటూ ఇటూగా సరిపెట్టుకుంటాయి.

500 వాట్ల మోటారు రోజంతా తిరిగితే 12 యూనిట్లు, నెలకు 360. అదే మోటారు ఆటోలో రోజుకు 8 గంటలు తిరిగితే నెలకు 120. తేడా 240 యూనిట్లు. ఇది ఇంట్లో ఫ్రిజ్ తినేదానికంటే చాలా ఎక్కువ. పైగా ఆ 500 వాట్లూ చివరికి వేడిగా మారి ఇంట్లోనే పడతాయి, ఎండాకాలం ఆ వేడిని తోడిపోయడానికి ఏసీ మరికాస్త నడవాలి. 100 వాట్ల ఈసీఎం మోటారు నెలంతా ఆగకుండా తిరిగినా 72 యూనిట్లే.

మోటారు రకం కనుక్కోవడానికి బ్రేకర్ దింపి, బ్లోయర్ తలుపు తీసి టార్చి వేసి చూడండి. మోటారు దగ్గర రేకు డబ్బా లాంటి కెపాసిటర్, దానికి రెండు గోధుమరంగు వైర్లు ఉంటే పీఎస్‌సీ. మోటారు వెనక వైపు గుండ్రటి కంట్రోల్ మాడ్యూల్, దానికి చాలా వైర్లున్న ప్లగ్గు ఉంటే ఈసీఎం. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉంటుంది, కళ్ళతో చూడండి చాలు, చేయి పెట్టకండి.

తలుపు తీయడం ఇష్టం లేకపోతే కరెంటు మీటరు చెబుతుంది. గీజరు, వాషింగ్ మెషిన్ లాంటివి ఆపేసి, సిస్టమ్ ఆఫ్‌లో, ఫ్యాన్ ఆటోలో పెట్టి గంటసేపు రీడింగు చూడండి. తర్వాత ఫ్యాన్ ఆన్ చేసి ఇంకో గంట. రెండింటి తేడాయే మీ బ్లోయర్ ఖర్చు. మధ్యలో ఫ్రిజ్ ఆగి మొదలవుతూ ఉంటుంది గనక కాస్త అటూ ఇటూ అవుతుంది, అయినా 500 వాట్లకీ 100 వాట్లకీ తేడా దాచినా దాగదు.

రెండో అడుగు: ఎండాకాలం తేమని కొలవండి

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఏసీ రెండు పనులు చేస్తుంది: గాలిని చల్లబరుస్తుంది, గాలిలో తేమని పిండుతుంది. ఆ తేమ చల్లటి కాయిల్ మీద నీటి బిందువులుగా పట్టి, కింది ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపులోంచి బయటికి పోవాలి. కానీ కంప్రెసర్ ఆగిన క్షణానికి నీళ్ళన్నీ బయటికి పోయి ఉండవు. ఒక మోస్తరు ఇంటి ఏసీలో కాయిల్ రేకుల మధ్య, ట్రేలో కలిపి లీటరుకు దగ్గర దగ్గరగా నీళ్ళు నిలిచి ఉంటాయి.

ఫ్యాన్ ఆటోలో ఉంటే బ్లోయర్ కూడా ఆగిపోతుంది, నీళ్ళు నెమ్మదిగా కిందికి కారతాయి. ఆన్‌లో ఉంటే మాత్రం కంప్రెసర్ ఆగినా గాలి ఆ తడి రేకుల మీదుగా వీస్తూనే ఉంటుంది. కరెంటు ఖర్చుపెట్టి పిండిన నీరు మళ్ళీ ఆవిరై ఇంట్లోకే వస్తుంది. ఏసీ మళ్ళీ మొదలయ్యాక, కాయిల్ తిరిగి చల్లబడి, తడిసి, నీళ్ళు డ్రెయిన్‌లోకి కారడం మొదలయ్యేదాకా కొన్ని నిమిషాలు పడుతుంది. ఏసీ ఇంటికి మించి పెద్దదై, ఏడెనిమిది నిమిషాలకే ఆగిపోతూ ఉంటే ఆ నీళ్ళు బయటికి పోయే అవకాశమే రాదు. థర్మోస్టాట్ 24 డిగ్రీలు చూపిస్తుంది, ఒళ్ళు మాత్రం జిడ్డుగానే ఉంటుంది. జనం చేసేదేమిటంటే, సెట్టింగు 22కి దించుతారు. తేమ అలాగే ఉంటుంది, బిల్లు పెరుగుతుంది.

మీ ఇంట్లో ఇలా జరుగుతోందో లేదో తేల్చుకోవడానికి తేమని కొలిచే ఒక చిన్న హైగ్రోమీటర్ చాలు. గాలి వచ్చే గ్రిల్లుకి, వంటింటికి, బాత్రూముకి దూరంగా, ఛాతీ ఎత్తులో పెట్టండి. రెండు రోజులు ఆటోలో, ఆ తర్వాత రెండు రోజులు ఆన్‌లో నడిపి ఉదయం, మధ్యాహ్నం, పడుకునే ముందు రీడింగు రాసుకోండి. థర్మోస్టాట్‌లో ఉష్ణోగ్రత మాత్రం మార్చకండి, బయటి వాతావరణం ఇంచుమించు ఒకేలా ఉన్న రోజులు చూసుకోండి. ఇంట్లో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, 60 దాటి ఉండిపోతే బూజుకు స్వాగతం పలికినట్టే. ఆన్‌లో పెట్టిన రోజుల్లో రీడింగు స్పష్టంగా పెరిగిందా? ఇక ఆలోచించక్కర్లేదు, ఎండాకాలం, వానాకాలం ఆటోయే. తేమ తక్కువగా ఉండే పొడి ప్రాంతాల్లో మాత్రం ఈ నష్టం దాదాపు లెక్కలోకి రాదు, అక్కడ కరెంటు ఖర్చు ఒక్కటి చూసుకుంటే సరిపోతుంది.

ఇంకో చిన్న మెలిక. ఆటోలో పెట్టినా కొన్ని మెషిన్లు కంప్రెసర్ ఆగాక 30 నుంచి 90 సెకన్ల దాకా బ్లోయర్‌ని తిప్పుతాయి. కాయిల్‌లో మిగిలిన చల్లదనాన్ని వాడుకోవడానికి పెట్టిన ఏర్పాటది. పొడి ప్రాంతంలో మంచిదే. ఉక్కపోత ఉండే చోట ఇది కూడా తేమని వెనక్కి ఇస్తుంది కాబట్టి, థర్మోస్టాట్ ఇన్‌స్టాలర్ మెనూలో కూలింగ్‌కి ఫ్యాన్ డిలే అనే సెట్టింగు కనిపిస్తే సున్నా చేయండి. ఆ ఆలస్యం థర్మోస్టాట్‌లో కాక బ్లోయర్ దగ్గరి బోర్డులో ఉంటే మెకానిక్ చేత మార్పించుకోవాలి.

మూడో అడుగు: గదుల మధ్య తేడా చూడండి

ఆన్ వైపు మొగ్గడానికి గట్టి కారణం ఇదొక్కటే అనొచ్చు. కింద అంతస్తు చల్లగా, పైన వేడిగా ఉండటం, థర్మోస్టాట్ ఉన్న హాలు బాగుండి మూల గది ఉడికిపోవడం. థర్మోస్టాట్‌కి తెలిసేది తన ముందున్న గాలి సంగతే. గాలి కదలకుండా ఉన్నంతసేపు మూలగదిలో ఏం జరుగుతోందో దానికి పట్టదు.

రెండు థర్మామీటర్లు తీసుకుని ఒకటి థర్మోస్టాట్ దగ్గర, ఇంకోటి బాగా ఇబ్బంది పెట్టే గదిలో పెట్టండి. తేడా 1 డిగ్రీ సెల్సియస్ లోపు ఉంటే ఆటోలో వదిలేయండి. 2, 3 డిగ్రీలుంటే సర్క్‌ని గంటకు 15 నిమిషాలతో మొదలుపెట్టండి. రెండు రోజులు చూసి, తేడా తగ్గకపోతే 20కి, తర్వాత 30కి పెంచండి. 30 నిమిషాలకి కూడా మార్పు రాలేదంటే తప్పు ఫ్యాన్ సెట్టింగుది కాదు. డక్టులో గాలిని ఆపే రెక్క (డాంపర్) మూసుకుపోయిందో, డక్టు జాయింటు ఊడిందో, ఆ గదికి గాలి వెనక్కి వెళ్ళే దారి లేదో చూడాలి.

ఆ చివరిది చాలామంది పట్టించుకోరు. గాలిని వెనక్కి పీల్చే రిటర్న్ గ్రిల్లు హాలులో ఒక్కటే ఉండి, పడకగది తలుపు మూసి ఉంటే, లోపలికి తోసిన గాలి తిరిగి రావడానికి తలుపు కింది సందు తప్ప వేరే దారి ఉండదు. ఆ సందు కనీసం 2 సెంటీమీటర్లన్నా లేకపోతే ఫ్యాన్ ఎంతసేపు తిరిగినా ఆ గదిలోకి చాలినంత గాలి పోదు. తలుపు బార్లా తీసి ఒక రోజు చూడండి. తేడా పోయిందంటే రోగం దొరికినట్టే. అలాగని వాడని గదుల గ్రిల్లులు మూసేసి గాలిని అటు మళ్ళించాలని చూడకండి. ఒకటి రెండు మూస్తే పెద్దగా ఏమీ కాదు గానీ, ఎక్కువ మూస్తే డక్టులో ఒత్తిడి పెరిగి కాయిల్ మీదుగా వెళ్ళే గాలి తగ్గుతుంది, ఎండాకాలం కాయిల్ గడ్డకట్టడానికి అదొక కారణం.

చలికాలానికి లెక్క వేరు

హీటింగ్‌లో తేమ సమస్య లేదు, చల్లగాలి సమస్య ఉంది. ఫర్నేస్ మండుతున్నప్పుడు గ్రిల్లు నుంచి వచ్చే గాలి దాదాపు 50 నుంచి 60 డిగ్రీలుంటుంది. మంట ఆగాక కూడా ఫ్యాన్ తిరిగితే వచ్చేది గది గాలే. గది గాలి 21 డిగ్రీలే అయినా, కదిలే గాలి ఒంటికి చలిగానే తగులుతుంది. డక్టులు అటక మీదో, నేల కిందో చల్లటి చోటు నుంచి వెళ్తుంటే అది ఇంకా చల్లబడి వస్తుంది, ఇంట్లో వేడిని దారిలో పారబోసుకున్నట్టవుతుంది. అలాంటి ఇళ్ళలో చలికాలం కూడా ఆటోయే.

డక్టులన్నీ ఇంటి లోపలే ఉండి, ఒక మూల కట్టెల పొయ్యి వేడిని మిగతా గదులకు పంచాలనో, మేడ పైకి చేరిన వెచ్చటి గాలిని కిందికి దించాలనో ఉంటే సర్క్ బాగా పనికొస్తుంది. మంచం మీదికి సూటిగా వీచే గ్రిల్లు రెక్కల్ని ముందు గోడ వైపు తిప్పండి.

హీట్ పంప్ (ఏసీ పనిని తిరగేసి ఇంటిని వెచ్చబరిచే మెషిన్) ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. దాని గాలి 32 నుంచి 38 డిగ్రీల మధ్యే ఉంటుంది, చేతికి గోరువెచ్చగా కూడా అనిపించకపోవచ్చు. అది లోపం కాదు. అనుమానంతో ఫ్యాన్‌ని ఆన్‌లోకీ ఆటోలోకీ మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇన్‌స్టాలర్ మెనూలో ఇంకో సెట్టింగు ఉంటుంది: హీటింగ్‌లో ఫ్యాన్‌ని నడిపేది ఫర్నేసా, థర్మోస్టాటా అని. పాత థర్మోస్టాట్లలో ఇది లోపల చిన్న జంపర్ రూపంలో ఉంటుంది. గ్యాస్ ఫర్నేస్‌కి గ్యాస్ అని పెట్టాలి. అప్పుడు ముందు మంట వెలిగి, లోపలి రేకు వేడెక్కాక ఫర్నేస్ బోర్డే బ్లోయర్‌ని మొదలుపెడుతుంది. పొరపాటున ఎలక్ట్రిక్ అని పెడితే ప్రతిసారీ మొదట ఒక విడత చల్లగాలి కొడుతుంది. ఎలక్ట్రిక్ ఫర్నేస్‌కి గ్యాస్ అని పెట్టడం ఇంకా పెద్ద తప్పు: కొన్ని మెషిన్లలో హీటర్ కాయిళ్ళు వేడెక్కుతాయి గానీ ఫ్యాన్ రాదు, ఓవర్‌హీట్ స్విచ్ పడిపోతుంది. థర్మోస్టాట్ కొత్తది మార్చిన వారంలోనే ఈ రెండింటిలో ఏదో ఒకటి కనిపిస్తే ముందు చూడాల్సింది ఈ సెట్టింగునే.

ఆన్‌లో పెట్టాల్సిన రోజులు

బయట పొగ కమ్మినప్పుడు, ఇంట్లో దుమ్ము పని జరిగాక, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇబ్బందిగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఆన్‌లో పెట్టండి. ఫిల్టర్ గాలి తనలోంచి వెళ్ళినప్పుడే దుమ్ము పడుతుంది, ఫ్యాన్ ఆగితే దాని పనీ ఆగుతుంది. ఫిల్టర్ ఎంత సన్నటి కణాల్ని పట్టగలదో చెప్పే అంకె మెర్వ్; పొగకి మెర్వ్ 13 ఫిల్టర్ కావాలి, మామూలు మెర్వ్ 8 సన్నటి పొగ కణాల్ని చాలావరకు వదిలేస్తుంది. కానీ ఒక అంగుళం మందం స్లాటులో మెర్వ్ 13 పెడితే కొన్ని బ్లోయర్లకి ఊపిరాడదు. గ్రిల్లు దగ్గర గాలి బాగా తగ్గినట్టు అనిపిస్తే, పొగ రోజులు పోగానే తీసేసి మెర్వ్ 8 గానీ 11 గానీ పెట్టండి. మీ సిస్టమ్‌కి బయటి గాలి తెచ్చే డక్టు ఉంటే పొగ రోజుల్లో దాని డాంపర్ మూయాలి, లేకపోతే ఫ్యాన్ ఆన్ చేసిన కొద్దీ పొగనే లోపలికి లాగుతుంది.

ఆన్‌లో ఉన్నన్నాళ్ళూ ఫిల్టర్‌ని నెలకొకసారి వెలుతురుకి పెట్టి చూడండి. వెలుగు కనిపించకపోతే మార్చేయాలి. ఆటోలో రెండు, మూడు నెలలు వచ్చే ఫిల్టర్ ఇక్కడ అంత రాదు.

ఒక జాగ్రత్త. రిటర్న్ డక్టుకి చీలికలుండి, దాని పక్కనే చిమ్నీ ద్వారా పొగ వదిలే గ్యాస్ గీజరు ఉంటే, బ్లోయర్ పీల్పుకి ఆ పొగ పైకి పోకుండా ఇంట్లోకి తిరగొచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. గంటల తరబడి ఫ్యాన్ ఆన్‌లో పెట్టాలనుకునేవాళ్ళు ముందు ఆ డక్టు జాయింట్లను మాస్టిక్‌తో (డక్టులకు పూసే సీలింగు పేస్టు) మూయించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవాలి.

స్ప్లిట్ ఏసీ అయితే

ఇక్కడ ఆటో అంటే అర్థం వేరు. రిమోట్‌లో ఫ్యాన్ ఆటో అంటే వేగం తనంతట తాను మారుతుంది: గది వేడిగా ఉన్నప్పుడు జోరుగా, మీరు పెట్టిన డిగ్రీలకి దగ్గరపడేకొద్దీ నెమ్మదిగా. చాలావరకు అదే సరిపోతుంది. ఉక్కపోత రాత్రుల్లో ఫ్యాన్ లోలో పెడితే కాయిల్ ఇంకా చల్లబడి ఎక్కువ తేమ పిండుతుంది, గది చల్లబడటం మాత్రం కాస్త ఆలస్యమవుతుంది. ఏసీ ఆపాక గదిలోనే ఉంటే వెంటనే ఫ్యాన్ మోడ్‌కి మార్చకండి, తడి కాయిల్ మీది గాలి మీకే వస్తుంది. ఆ గదిలోంచి వెళ్ళిపోతున్నప్పుడు మాత్రం 20, 30 నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో వదిలితే కాయిల్ ఆరి, మర్నాడు ముక్కిన వాసన రాదు.

ఏదో తేడాగా ఉందంటే

ఆటోలో పెట్టినా బ్లోయర్ ఆగకపోతే ముందు యాప్‌లో సర్క్ షెడ్యూలు ఏమన్నా ఉందేమో చూడండి. లేకపోతే థర్మోస్టాట్‌ని గోడ ప్లేటు నుంచి లాగండి. ఇది 24 వోల్టుల థర్మోస్టాట్ అయితేనే. లావుపాటి వైర్లు కనిపిస్తే, లేదా ప్లేటు మీద 120 గానీ 240 గానీ అని ఉంటే ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. లాగాక ఫ్యాన్ ఆగితే తప్పు థర్మోస్టాట్‌లో ఉంది. ఆగకపోతే జి వైరు (ఫ్యాన్‌ని నడిపేది) ఎక్కడో ఆర్ వైరుకి (24 వోల్టుల కరెంటు తెచ్చేది) తగులుతోంది, లేదా బోర్డు మీది రిలే అతుక్కుపోయింది. ఫర్నేస్ ఓవర్‌హీట్ అయినప్పుడు కూడా బోర్డు కావాలనే బ్లోయర్‌ని తిప్పుతూ ఉంటుంది, ఆ అనుమానం ఉంటే ముందు ఫిల్టర్ చూడండి.

ఆన్‌లో పెట్టినా తిరగకపోతే బ్లోయర్ తలుపు సరిగ్గా మూసుకుందో లేదో చూడాలి. ఆ తలుపు వెనక చిన్న సేఫ్టీ స్విచ్ ఉంటుంది, అది నొక్కుకోకపోతే ఏదీ పనిచేయదు. ఫిల్టర్ మార్చిన రోజే ఫ్యాన్ ఆగిందంటే నూటికి తొంభై పాళ్ళు అదే. తర్వాత బోర్డు మీది 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజు. మోటారు గుయ్‌మని మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ పోయింది, అది మెకానిక్ పని.

కాయిల్ మీద, రాగి పైపు మీద మంచు గడ్డకట్టి కనిపిస్తే సిస్టమ్ ఆఫ్ చేసి, ఫ్యాన్ ఆన్‌లో పెట్టండి. గది గాలికి మంచు కరగడానికి రెండు మూడు గంటల నుంచి, బాగా పేరుకుంటే రోజంతా కూడా పట్టొచ్చు. స్క్రూడ్రైవరుతో గీకితే రేకులు వంగుతాయి, ట్యూబుకి చిల్లు పడితే గ్యాసు మొత్తం పోతుంది. కింద పాత గుడ్డలు పరచండి, కరిగే నీళ్ళు ట్రేలో పట్టక పొంగొచ్చు. మంచు కరిగాక కొత్త ఫిల్టర్ వేసి, గ్రిల్లులన్నీ తెరిచి, మళ్ళీ కూల్‌లో ఆటోలో నడపండి. ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ గడ్డకడితే గ్యాసు తగ్గి ఉండాలి, లేదా బ్లోయర్ చాలినంత గాలి తోయడం లేదు. అప్పుడు ఇంకోసారి కరిగించి నడపకుండా మెకానిక్‌ని పిలిచి రెండూ కొలిపించండి.